రూపచిత్రంలో మనిషి మనసు

కంటికి కనిపించని మనసును రంగులతో గీయడం సాధ్యమేనా అన్న ప్రశ్న చాలా పాతది. సోక్రటీసు శిష్యుడు జెనోఫోన్ తన గురువు గురించి రాసిన జ్ఞాపకాల్లో ఈ చర్చ కనిపిస్తుంది. సోక్రటీసు ఒకనాడు పరాసియస్ అనే పేరుమోసిన చిత్రకారుడి దగ్గరికి వెళ్ళి, మనిషి లోపలి గుణాన్ని కూడా గీస్తారా అని అడుగుతాడు. ఆకారం, రంగు లేనిదాన్ని, అసలు కంటికే ఆననిదాన్ని ఎట్లా గీస్తామని చిత్రకారుడు ఎదురు ప్రశ్న వేస్తాడు. సోక్రటీసు వదలడు. ఇష్టంగా చూసే చూపు వేరు, పగతో చూసే చూపు వేరు కదా, గర్వమూ అణకువా మనిషి నిలబడే తీరులోనే తెలిసిపోతాయి కదా అని ఒక్కొక్కటే ఒప్పిస్తూ వస్తాడు. చివరికి చిత్రకారుడు సరేనంటాడు.

సోక్రటీసు వాదంలో గెలిచాడు కానీ చిక్కు పూర్తిగా వీడలేదు. ఇష్టం, పగ వచ్చిపోయేవి. స్వభావం అలా కాదు. అది ఏళ్ళ తరబడి ఉండేది, ఒక్క క్షణంలో ముఖం మీద పూర్తిగా బయటపడనిది. రూపచిత్రం చూపించగలిగేదేమో ఒక్క క్షణాన్నే.

పోలిక కుదరడం వేరు, మనిషి కనబడడం వేరు. పోయిన పెద్దల ఫోటో ఇచ్చి గీయించి, దండ వేసి గోడకు తగిలించిన బొమ్మలు మన ఇళ్ళలో ఎన్నో ఉంటాయి. ముక్కు, మీసం, తలపాగా అన్నీ సరిగ్గానే ఉంటాయి. ఇంట్లోవాళ్ళు ‘అచ్చం తాతయ్యే’ అంటారు. తాతయ్యను ఎరగని మనిషికి మాత్రం అందులో ఎవరో పెద్దాయన కనిపిస్తాడు, అంతే. ఆ బొమ్మకు ప్రాణం పోసేది చూసేవాళ్ళ జ్ఞాపకం. గొప్ప పోర్ట్రెయిట్‌కు ఆ జ్ఞాపకంతో పనిలేదు. అందులోని మనిషి చనిపోయి నాలుగు వందల ఏళ్ళయినా, పేరు కూడా తెలియని చోటునుంచి వచ్చిన మనిషి ఎదుట నిలబడినా, ‘ఇతనికి లోపల ఏదో ఉంది’ అనిపిస్తుంది. ఆ అనిపించడం ఎలా జరుగుతుందన్నదే ఇక్కడ విషయం.

దీనికి ఒక సులువైన దారి ఉందని చాలామంది నమ్మారు. ముఖంలో ఒక్కో అవయవానికీ ఒక్కో గుణం ఉంటుందని, నుదురు, ముక్కు, గడ్డం చూసి మనిషిని చదవవచ్చని మన సాముద్రికం చెప్పినట్టే ఐరోపాలోనూ చెప్పారు. జ్యూరిక్‌కు చెందిన మతాచార్యుడు లవాటర్ 1775 నుంచి ఈ విషయం మీద పెద్ద పెద్ద సంపుటాలు వేశాడు. అంతకు ముందే, 1668లో, ఫ్రెంచి రాజు చిత్రకారుడు షార్ల్ లెబ్రన్ పారిస్ అకాడమీలో ఉపన్యసిస్తూ కోపానికి కనుబొమలు ఎలా ముడిపడాలో, భయానికి నోరు ఎంత తెరుచుకోవాలో బొమ్మలు గీసి చూపించాడు. ఆ బొమ్మలు నాటకం వేషాలకు బాగా పనికొస్తాయి. రూపచిత్రాలకు మాత్రం పనికిరావు. కోపంతో ఊగిపోతున్న ముఖాన్ని గీస్తే చూసేవాళ్ళకు కోపం కనిపిస్తుంది గానీ కోపగించుకున్న మనిషి కనిపించడు. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వే ముఖం కాన్వాసు మీద కొద్దిసేపటికే ఇకిలింపుగా మారిపోతుంది. అందుకే సమర్థులైన చిత్రకారుల్లో ఎక్కువమంది దాదాపు నిశ్చలంగా ఉన్న ముఖాన్నే ఎంచుకున్నారు. ఆ నిశ్చలతలో ఎక్కడో ఒకచోట చిన్న తేడా పెట్టారు.

ఆ తేడాలోనే అసలు కిటుకంతా ఉంది. ముఖంలోని అన్ని గుర్తులూ ఒకే మాట చెబితే అది ముసుగు అవుతుంది. కళ్ళు ఒకటి చెప్పి, పెదవులు మరొకటి చెప్పి, బట్టలు ఇంకేదో చెబితే, ఆ పొసగని మాటల మధ్య సందులో చూసేవాడికి ఒక మనసు కనిపిస్తుంది.

మోనాలిసా ఇందుకు అందరూ ఎరిగిన ఉదాహరణ. లియొనార్డో దావించీ 1503 ప్రాంతంలో మొదలుపెట్టి, 1519లో తాను పోయేవరకూ తన దగ్గరే ఉంచుకున్న చిత్రం ఇది. కళ్ళ చివరలు, పెదవుల చివరలు ముఖంలో భావాన్ని ఎక్కువగా పలికించే చోట్లు. లియొనార్డో సరిగ్గా ఆ చోట్లనే గీత లేకుండా, పలచటి రంగు పొరల మీద పొరలు వేసి, మెత్తటి నీడలో కలిపేశాడు. ఆమె నవ్వుతోందా, నవ్వు ఆపుకుంటోందా, నవ్వి ఊరుకుందా అన్నది తేలదు. హార్వర్డ్‌లో దృష్టి మీద పరిశోధన చేసే మార్గరెట్ లివింగ్‌స్టన్ 2000లో దీనికి ఒక శాస్త్రీయ కారణం చెప్పింది. మన చూపు నేరుగా పడిన చోట సన్నని వివరాలు బాగా తెలుస్తాయి. చూపు అంచులకు మెత్తటి నీడలే ఎక్కువగా అందుతాయి. మోనాలిసా నవ్వు ఆ మెత్తటి నీడల్లోనే ఉంది. కళ్ళను చూస్తున్నంతసేపూ కంటి కొసకు నవ్వు అందుతుంది. నోటిని చూడగానే అది తగ్గిపోతుంది. మారుతున్నది చూసేవాడి చూపే అయినా, ఆమే మనసు మార్చుకున్నట్టు అనిపిస్తుంది.

చూపు విషయంలోనూ ఇలాంటి వింతే ఉంది. బొమ్మలోని కళ్ళు ఎటు చూస్తున్నాయో కళ్ళను బట్టే తెలుస్తుందని అనుకుంటాం. 1824లో విలియం వాలస్టన్ అనే ఇంగ్లిషు శాస్త్రవేత్త లండన్ రాయల్ సొసైటీకి సమర్పించిన వ్యాసంలో అది నిజం కాదని నిరూపించాడు. అవే కళ్ళను అలాగే ఉంచి, కింద ముక్కు, నోరు ఉన్న భాగాన్ని మరోవైపు తిరిగినట్టు మారిస్తే, చూపు కూడా మరోవైపు తిరిగినట్టే కనిపించింది. చూపు మొత్తం ముఖానిది. తల ఒకవైపు, కనుపాప మరోవైపు తిరిగితే ఆ మనిషి ఏదో కనిపెడుతున్నట్టో, దాస్తున్నట్టో, వింటున్నట్టో ఉంటుంది.

తల తిప్పడం అన్న ఈ చిన్న సంగతి ఐరోపా రూపచిత్రాల చరిత్రనే మలుపు తిప్పింది. 15వ శతాబ్దపు ఇటలీలో ప్రభువుల బొమ్మలు నాణేల మీద బొమ్మల్లా పక్కవాటుగా ఉండేవి. పియెరో డెల్లా ఫ్రాంచెస్కా గీసిన ఉర్బినో ప్రభువు ఫెడెరికో చిత్రం వాటిలో ప్రసిద్ధమైనది. గుర్రాల మీద బల్లేలతో తలపడే పోటీలో ఫెడెరికోకు కుడికన్ను పోయింది కాబట్టి ఎడమవైపు ముఖమే చూపించడంలో మర్యాద కూడా ఉంది. పక్కవాటు ముఖంలో హోదా, వంశం, ధైర్యం బాగా పలుకుతాయి. కానీ ఆ మనిషి మనల్ని చూడడు. మనకూ అతనికీ మధ్య ఏమీ జరగదు. అదే కాలంలో ఉత్తరాన, ఇప్పటి బెల్జియం ప్రాంతంలో, యాన్ వాన్ ఐక్ వంటివారు ముఖాన్ని ముప్పావు వంతు మనవైపు తిప్పారు. 1433లో ఆయన గీసిన ఎర్ర తలపాగా మనిషి నేరుగా చూసేవాడి కళ్ళలోకే చూస్తాడు. ఆ పద్ధతి ఇటలీకీ చేరింది. లియొనార్డో ఒక అడుగు ముందుకేసి, ముంగిసలాంటి ఎర్మిన్ జంతువును ఎత్తుకున్న చెచీలియా అనే అమ్మాయి ఒళ్ళు ఒకవైపు, తల మరోవైపు తిప్పి గీశాడు. ఎవరో పిలిస్తే తిరిగి చూసినట్టుంటుంది. పిలిచింది ఎవరో చిత్రంలో లేరు. ఆమె మనసు మాత్రం ఆ కనిపించని మనిషి దగ్గర ఉంది.

ఇవన్నీ ఒక్కచోట కలిసి పనిచేయడం చూడాలంటే 1650 నాటి రోమ్ నగరానికి వెళ్ళాలి. స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్ ఆస్థాన చిత్రకారుడు దియెగో వెలాస్కెజ్ అప్పుడు రాజుగారి కోసం చిత్రాలు, శిల్పాలు కొనడానికి ఇటలీ వచ్చి ఉన్నాడు. వయసు యాభై దాటింది. వెంట హువాన్ దె పారేహా అనే సహాయకుడు ఉన్నాడు. పారేహా వెలాస్కెజ్ దగ్గర జీతానికి పనిచేసేవాడు కాదు, ఆయన సొంత బానిస. దక్షిణ స్పెయిన్‌లోని అంతెకేరాలో పుట్టిన, ఆఫ్రికా మూలాలున్న మనిషి. వెలాస్కెజ్‌కు పోప్ పదో ఇన్నొసెంట్ చిత్రం గీసే అవకాశం వచ్చింది. అంత పెద్ద పనికి దిగేముందు చెయ్యి సాధన కోసం పారేహాను కూర్చోబెట్టి గీశాడని 18వ శతాబ్దపు స్పానిష్ జీవితచరిత్రకారుడు పలొమీనో రాశాడు.

ఆ సాధన కోసం గీసిన బొమ్మ ఇవాళ న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. పారేహా నడుము వరకూ కనిపిస్తాడు. ఒళ్ళు కొంచెం పక్కకు తిరిగి ఉంటుంది. తల, చూపు మనవైపే ఉంటాయి. ఒక చెయ్యి పొట్ట మీదుగా అడ్డంగా పెట్టుకుని ఉంటాడు. బూడిదరంగు, ఆకుపచ్చ కలిసిన దుస్తులు, మెడ చుట్టూ వెడల్పాటి తెల్లటి లేసు కాలరు. వెనక ఏమీ లేదు, మసక వెలుగు మాత్రమే. నుదుటి మీద, చెంప మీద వెలుగు పడి మెరుస్తుంది. ఆ చూపులో వేడుకోలు లేదు, ధిక్కారమూ లేదు. ఎదుటి మనిషిని తూకం వేస్తున్న చూపు అది. ఐరోపాలో రాజులు, సేనానులు చిత్రాల్లో పెట్టుకునే ఠీవి ఆ నిలుచున్న తీరులో ఉంది. తూకం వేయించుకోవలసిన మనిషే తూకం వేస్తున్నాడు. ఆ వైరుధ్యమే ఆ బొమ్మకు ప్రాణం.

పలొమీనో చెప్పిన ప్రకారం వెలాస్కెజ్ ఆ చిత్రాన్ని పారేహా చేతికే ఇచ్చి స్నేహితుల ఇళ్ళకు పంపాడు. వాళ్ళు బొమ్మను, మనిషిని మార్చి మార్చి చూసి ఎవరితో మాట్లాడాలో తెలియక నిలబడిపోయారట. మార్చి 19న దాన్ని పాంథియన్‌లో ప్రదర్శనకు పెట్టారు. రోమ్ చిత్రకారులంతా మెచ్చుకున్నారు. అదే ఏడాది నవంబరులో వెలాస్కెజ్ పారేహాకు స్వేచ్ఛ ఇస్తూ పత్రం రాశాడు. అయితే అందులో మరో నాలుగేళ్ళు సేవ చేయాలన్న షరతు పెట్టాడు. చిత్రంలో అంత గౌరవం చూపిన చెయ్యే ఆ షరతుపై సంతకమూ చేసింది. ఈ రెంటినీ కలిపి చూడకపోతే ఆ చిత్రాన్ని పూర్తిగా చూసినట్టు కాదు.

పారేహా తర్వాత స్వతంత్రంగా చిత్రకారుడయ్యాడు. 1661లో ఆయన గీసిన ‘సెయింట్ మాథ్యూకు పిలుపు’ అనే పెద్ద చిత్రం మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉంది. అందులో ఎడమవైపు చివర, చేతిలో తన పేరున్న కాగితంతో, తానే నిలబడి ఉంటాడు. వింత ఏమిటంటే, అక్కడ తన ఒంటి రంగు తేలిక చేసుకున్నాడు, ముక్కు కొనదేల్చుకున్నాడు. యజమాని కంటికి కనిపించిన పారేహా ఒకరు, తనను తాను చూపించుకోదలచిన పారేహా మరొకరు. రెండోదాంట్లోని ఆ సవరింపు కూడా మనసు గురించే చెబుతుంది, బహుశా మొదటిదానికంటే బాధాకరంగా.

ఇక పోప్ చిత్రం. రోమ్‌లోని దోరియా పాంఫీలీ భవనంలో, ఆయన వంశంవారి సంగ్రహంలోనే, అది నేటికీ ఉంది. డెబ్బై అయిదేళ్ళు దాటిన ముసలాయన బంగారు పూత కుర్చీలో కూర్చుని ఉంటాడు. వెనక ఎర్రటి తెర, ఎర్రటి కుర్చీ, భుజాల మీద ఎర్రటి పట్టు, తల మీద ఎర్రటి టోపీ. కింద మాత్రం తెల్లటి వస్త్రం. ముఖంలో కూడా ఎరుపు పొడ ఉంది. ఇన్ని ఎరుపుల్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టి, వేటికవి విడిగా తెలిసేలా చేయడమే ఒక సాహసం. ఆ ఎరుపు అధికారానికి గుర్తు. కానీ ఆ ఎరుపు మధ్యలోంచి చూసే కళ్ళు అధికారంలో స్థిమితంగా ఉన్న మనిషివి కావు. కనుబొమల మధ్య ముడి, బిగపట్టిన సన్నటి పెదవులు, ఓరగా, పదునుగా, ఎదుటివాడు ఎందుకు వచ్చాడో కనిపెట్టాలన్నట్టున్న చూపు. ఉంగరం పెట్టిన కుడిచెయ్యి కుర్చీ చేతి మీద వదులుగా ఉంది. ఎడమచేతిలో ఒక కాగితం, దాని మీద వెలాస్కెజ్ పేరు. చేతులు విశ్రాంతిగానే ఉన్నాయి, ముఖం మాత్రం కాపలా కాస్తోంది.

అదే భవనంలో బెర్నినీ చెక్కిన అదే పోప్ పాలరాతి విగ్రహం కూడా ఉంది. అందులోనూ పోలిక ఉంది, పనితనం గొప్పది. కానీ అందులో కనిపించేది పోప్ పదవి, గంభీరంగా, దయగా. రెండూ చూసినవాళ్ళకు తేడా వెంటనే తెలుస్తుంది. చిత్రం పూర్తయ్యాక దాన్ని చూసి పోప్ ‘మరీ నిజంగా ఉంది’ అన్నాడని ఒక కథ ప్రచారంలో ఉంది. ఆయన ఆ మాట అన్నా అనకపోయినా చిత్రాన్ని తిప్పి పంపలేదు, చిత్రకారుడికి బంగారు గొలుసు, పతకం బహూకరించాడు.

వెలాస్కెజ్ దగ్గర గమనించవలసిన మరో సంగతి కుంచె తీరు. దగ్గరికి వెళ్ళి చూస్తే లేసు కాలరు లేసులా ఉండదు; తెల్లరంగు చుక్కలు, విసురుగా లాగిన గీతలు కనిపిస్తాయి. నాలుగడుగులు వెనక్కి వస్తే అవే లేసవుతాయి. ప్రతి దారాన్నీ గీసి చూపిస్తే కన్ను అక్కడే ఆగిపోతుంది. గీయకుండా వదిలితే చూసేవాడి కన్నే దాన్ని పూర్తిచేస్తుంది, అలా పూర్తిచేసినదే బతికున్నట్టు అనిపిస్తుంది.

దీనికి భిన్నమైన దారి కూడా ఉంది. జర్మన్ చిత్రకారుడు హాన్స్ హోల్బైన్ ఏదీ వదలడు. 1527లో ఆయన గీసిన సర్ థామస్ మోర్ చిత్రంలో ముఖమల్ చేతుల మడతలు, మెడలో రాజు కొలువుకు గుర్తయిన బంగారు గొలుసు, అన్నీ పట్టిపట్టి చూపించినవే. వాటితోపాటే గడ్డం మీద ఒకటి రెండు రోజులుగా గీసుకోని నెరిసిన వెంట్రుకలు కూడా! అంత ముఖమల్ మధ్య ఆ మాసిన గడ్డం చాలు, అలంకారం మీద ధ్యాసలేని పండితుడు కళ్ళకు కడతాడు. ఎనిమిదేళ్ళ తర్వాత రాజాజ్ఞతో మోర్ తల తీశారు. ఆయన పతనంలో పాత్ర ఉన్న థామస్ క్రామ్‌వెల్ చిత్రాన్ని కూడా హోల్బైనే గీశాడు. ఇప్పుడు రెండూ న్యూయార్క్ ఫ్రిక్ కలెక్షన్‌లో ఒకే గదిలో ఉన్నాయి.

డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ ఈ రెండు దారుల్నీ ఒకే చిత్రంలో కలిపాడు. 1654లో తన స్నేహితుడు యాన్ సిక్స్‌ను గీసినప్పుడు ముఖాన్ని నెమ్మదిగా, పొర మీద పొరగా తీర్చాడు. ఎర్ర అంగీ మీది బంగారు అల్లికను మాత్రం కుంచెతో టకటకా కొట్టేశాడు. సిక్స్ చేతికి గ్లవ్ తొడుక్కుంటున్నాడో తీస్తున్నాడో తెలియదు. బయటికి వెళుతున్న మనిషి, ఏదో ఆలోచన తగిలి అర క్షణం ఆగాడు. చేతుల దగ్గర కాలం పరుగెడుతుంది, ముఖం దగ్గర నిలిచిపోతుంది.

రెంబ్రాంట్ తన ముఖాన్నే దాదాపు నలభై సార్లు రంగుల్లో గీసుకున్నాడు. అచ్చు వేసిన రేకు బొమ్మలు, మామూలు గీతల బొమ్మలు వీటికి అదనం. 1630 ప్రాంతంలో, ఇరవై నాలుగేళ్ళ వయసులో, అద్దం ముందు నిలబడి కళ్ళు పెద్దవి చేసి, పెదవులు బిగించి, నవ్వి, అరిచి, ఆ వేషాలన్నీ రేకు మీద చెక్కాడు. పెద్దయ్యాక ఆ వేషాలు పోయాయి. 1656లో అప్పుల పాలై ఇల్లూ వస్తువులూ వేలానికి వచ్చాయి. రెండేళ్ళ తర్వాత గీసుకున్న పెద్ద చిత్రంలో బంగారు రంగు దుస్తులు వేసుకుని, చేతిలో కర్రతో, సింహాసనం మీద రాజులా కూర్చున్నాడు. కళ్ళు మాత్రం రాజువి కావు, నిద్రలేని ముసలివాడివి. తొలినాటి వేషాల్లో ముఖం ఒక్కటే నటించేది. ఇక్కడ బట్టలు నటిస్తున్నాయి, ముఖం నటించడం మానేసింది.

చివరి చిత్రాల్లో చర్మం మీద రంగు గడ్డలు కట్టినట్టు మందంగా ఉంటుంది. బుగ్గ ఎక్కడ వదులైందో, కంటి కింద ఎక్కడ సంచి కట్టిందో అక్కడ రంగు కూడా అలాగే ముద్ద కట్టింది. ఆయన పోయిన ఏడాది, 1669లో, అరవై మూడేళ్ళ వయసులో గీసుకున్న ఒక చిత్రం లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. దాన్ని ఎక్స్‌రే తీస్తే ఒక సంగతి బయటపడింది. మొదట చేతిలో కుంచె పట్టుకున్నట్టు గీసి, తర్వాత దాన్ని చెరిపి రెండు చేతులూ ఒకదానిలో ఒకటి పెట్టుకున్నట్టు మార్చాడు. తలకున్న గుడ్డ కూడా మొదట ఇంకా పెద్దగా, తెల్లగా ఉండేది. అంటే, వృత్తిని చెప్పే గుర్తును తీసేశాడు, కన్ను లాగే తెలుపును తగ్గించాడు. మిగిలింది ముఖమే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ చిత్రాలన్నీ రెంబ్రాంట్ తన మనసు విప్పి రాసుకున్న ఆత్మకథ అని పందొమ్మిదో శతాబ్దం నుంచి చెప్పుకుంటున్నారు. ఆయన కాలంలో మాత్రం పేరున్న చిత్రకారుడు స్వయంగా గీసిన తన బొమ్మను కొనడానికి జనం ఉండేవారు. ఆయన ముఖం, ఆయన చేతిపని రెండూ ఒకే చిత్రంలో దొరుకుతాయి కదా. అమ్మకానికి గీసినంత మాత్రాన చిత్రం లోతు తగ్గదు. కానీ ఆయన దివాలా కథ తెలిసి చూసేవాడికి ఆ కళ్ళలో దివాలా కనిపిస్తే, అందులో ఎంత చిత్రానిది, ఎంత కథది అని అడగక తప్పదు.

ఈ రెంబ్రాంట్‌కు మన దేశపు రూపచిత్రాలంటే ఆసక్తి ఎక్కువ. ఆమ్‌స్టర్‌డామ్ చేరిన మొఘలు సూక్ష్మచిత్రాలను చూసి ఆయన గీసుకున్న బొమ్మలు ఇరవైకి పైగా మిగిలాయి. వాటిలో జహంగీరు, షాజహాన్ ఉన్నారు. మొఘలు పద్ధతి ఐరోపా పద్ధతికి చాలా దూరం. ముఖం పక్కవాటుగా ఉంటుంది, వెలుగునీడల ఆట తక్కువ. అక్బరు తాను బొమ్మకు కూర్చుని, కొలువులోని పెద్దలందరి బొమ్మలూ గీయించి పెద్ద ఆల్బమ్ కట్టించాడని అబుల్ ఫజల్ రాశాడు. గుర్తుపట్టడం, లెక్క ఉంచడం వాటి ముఖ్యమైన పని. అయినా ఆ పద్ధతిలోనే, 1618లో, మనిషి అంతరంగం మీద ప్రపంచంలోనే అరుదైన చిత్రం ఒకటి పుట్టింది.

ఇనాయత్ ఖాన్ జహంగీరు కొలువులో ఉద్యోగి. నల్లమందుకు, మద్యానికి బానిసై చావుకు దగ్గరయ్యాడు. ఇంటికి వెళ్ళడానికి సెలవు కోరుతూ పల్లకిలో వచ్చిన ఆ మనిషి ఒంటిని చూసి జహంగీరు నివ్వెరపోయాడు. ఎముకల మీద చర్మం మాత్రమే మిగిలిందని, మనిషి ఇంతగా చిక్కిపోవడం ఎన్నడూ చూడలేదని తన దినచర్యలో రాసుకున్నాడు. వెంటనే చిత్రకారులను పిలిచి బొమ్మ గీయమన్నాడు. దారి ఖర్చులకు రెండు వేల రూపాయలు ఇచ్చి పంపాడు. మర్నాడే ఇనాయత్ ఖాన్ పోయాడు. గీతలతో వేసిన బొమ్మ బోస్టన్ మ్యూజియంలోనూ, రంగుల చిత్రం ఆక్స్‌ఫర్డ్ బోద్లియన్ గ్రంథాలయంలోనూ ఉన్నాయి. పెద్ద పెద్ద గుండ్రటి దిళ్ళు, వాటి మధ్య పుల్లలాంటి మనిషి. దిళ్ళు ఎంత నిండుగా ఉన్నాయో ఆ రొమ్ము అంత లోతుకు పోయింది. ముఖంలో ఏడుపు లేదు. తెరిచిన కళ్ళు ముందుకు చూస్తున్నాయి, ఎదుట ఎవరూ లేరు. గీయమన్న పాదుషాది జాలో కుతూహలమో, బహుశా రెండూనో. గీసిన చెయ్యి మాత్రం ఆ మనిషికి మిగిలిన ఒంటరితనాన్ని పట్టుకుంది.

దీని పక్కన గోల్కొండ చిత్రాలను పెట్టి చూస్తే ఇంకో విషయం అర్థమవుతుంది. 17వ శతాబ్దం చివర, కుతుబ్‌షాహీల రాజ్యం పడిపోయే రోజుల్లో, గోల్కొండ చిత్రకారులు సుల్తానుల, పాదుషాల, వజీర్ల బొమ్మలను వరసగా గీసి ఆల్బమ్‌లుగా అమ్మేవారు. ఐరోపా వర్తకులు వాటిని కొనుక్కుపోయారు. ఆమ్‌స్టర్‌డామ్ నగరాధిపతి నికోలాస్ విట్సెన్ చేతికి చేరిన ఒక ఆల్బమ్ ఇప్పుడు అక్కడి రైక్స్ మ్యూజియంలో ఉంది. ముఖాలు అందమైనవి, రంగులు ముచ్చటైనవి, నగలు, నడుంపట్టీలు చూడవలసినవే. మనిషి మాత్రం దొరకడు. అది చేతకానితనం కాదు. ఆ గీసినవాళ్ళలో చాలామంది ఆ ప్రభువుల్ని కళ్ళారా చూసి ఉండరు, ఒక బొమ్మను చూసి మరో బొమ్మ గీశారు. కొనేవాళ్ళకు కావలసింది కూడా ఎవరు ఎవరో తెలియడమే.

ఎదుట కూర్చోబెట్టి చూడడానికి ఉన్న విలువ ఇక్కడ తెలుస్తుంది. మనిషి ఒకరోజు ముభావంగా ఉంటాడు, మరోరోజు హుషారుగా, ఇంకోరోజు విసుగ్గా. ఎన్నో రోజులు చూసి గీసిన ముఖంలో ఆ రోజులన్నీ కలిసిపోతాయి. కెమెరా ఒక క్షణాన్ని పట్టుకుంటుంది, కుంచె ఎన్నో క్షణాలను ఒకే ముఖంలో పేరుస్తుంది. లూసియన్ ఫ్రాయిడ్ 2002లో తోటి చిత్రకారుడు డేవిడ్ హాక్నీని గీయడానికి వంద గంటలకు పైగా కూర్చోబెట్టాడు. చిత్రాల వ్యాపారి వొలార్ 1899లో ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్ ముందు 115 సార్లు కూర్చున్నానని రాసుకున్నాడు. అంతా అయ్యాక సెజాన్, చొక్కా ముందుభాగం ఫరవాలేదు అని మాత్రం అని, పని ఆపేశాడట. కూర్చున్నవాళ్ళ ఓపికకు కూడా చిత్రకళ రుణపడి ఉంది.

పికాసో అనుభవం దీనికి అడ్డం తిరుగుతుంది. పారిస్‌లో అమెరికన్ రచయిత్రి గెర్‌ట్రూడ్ స్టైన్‌ను 1905–06లో ఎనభై, తొంభై సార్లు కూర్చోబెట్టాడని ఆమే చెప్పింది. అన్నిసార్లు చూశాక, చూస్తున్నకొద్దీ ఆమె కనిపించడం లేదంటూ తలభాగం చెరిపేసి స్పెయిన్ వెళ్ళిపోయాడు. వేసవి గడిచాక తిరిగొచ్చి, ఆమెను మళ్ళీ చూడకుండానే, పాత రాతి విగ్రహాల పోలికలో ముసుగులాంటి ముఖం గీసేశాడు. బరువైన ఒళ్ళు, ముందుకు వాలిన భుజాలు చూసి గీసినవి. ముఖం చూడకుండా గీసింది. ఆ రెండూ పొసగవు. స్టైన్ జీవితాంతం ఆ చిత్రాన్ని తన దగ్గరే ఉంచుకుంది. చూసి చూసి కళ్ళు మూసుకున్నాక మిగిలేది కూడా స్వభావంలో భాగమేనని ఒప్పుకోక తప్పదు.

అయితే చిత్రంలో కనబడిన మనిషి ఎవరి సొత్తు? చిత్రకారుడిదా, కూర్చున్నవాడిదా, చూసేవాడిదా? చిత్రకారుడు ఫ్రాన్సిస్ బేకన్ 1940ల చివరి నుంచి వెలాస్కెజ్ పోప్‌ను మళ్ళీ మళ్ళీ గీశాడు. 1953 నాటి చిత్రంలో ఆ పోప్ నోరు తెరిచి అరుస్తున్నాడు. వెలాస్కెజ్ పోప్ పెదవులు బిగించుకుని ఉన్నాడు. ఆ బిగింపు వెనక అరుపు ఉందని బేకన్‌కు అనిపించింది. విచిత్రమేమిటంటే, రోమ్‌కు వెళ్ళినప్పుడు కూడా ఆయన అసలు చిత్రం చూడలేదు. ఫోటోల్లోనే చూసి గీశాడు. మూడు వందల ఏళ్ళ కిందటి ముఖం మీద ఇరవయ్యో శతాబ్దం తన భయాన్ని చదువుకుంది.

కూర్చున్నవాళ్ళ సంగతి మరో రకం. 1954 నవంబరు 30న విన్‌స్టన్ చర్చిల్ ఎనభయ్యో పుట్టినరోజుకు బ్రిటిష్ పార్లమెంటు సభ్యులు గ్రాహమ్ సదర్లాండ్ చేత ఆయన చిత్రం గీయించి వెస్ట్‌మినిస్టర్ హాల్లో బహూకరించారు. అదీ కుర్చీలో కూర్చున్న ముసలాయన చిత్రమే. రెండు చేతులూ కుర్చీ చేతుల మీద, ముందుకు వంగిన తల, ఒళ్ళంతా వయసు బరువు. కుంగిపోతున్నా లొంగనంటున్న మొండితనం అందులో ఉందని కొందరు మెచ్చుకున్నారు. చర్చిల్‌కు అందులో కుంగుబాటే కనిపించింది. సభలో ఆధునిక కళకు గొప్ప నమూనా అని వెటకారంగా మెచ్చుకుని అందరినీ నవ్వించాడు, ఇంటికి తీసుకుపోయి మాత్రం ఎక్కడా తగిలించలేదు. ఆయన భార్య క్లెమెంటైన్ కోరిక మీద దాన్ని రహస్యంగా తగలబెట్టారు. ఆమె పోయాక, 1978లో, ఆ సంగతి లోకానికి తెలిసింది. ఆ చిత్రానికి ముందు సదర్లాండ్ వేసుకున్న తల, చేతుల అధ్యయన చిత్రాలు కొన్ని లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో మిగిలాయి.